మూడో ఎస్‌ఎంపీఎస్ పంపకండి

జహీర్ అన్నకు సిరిసిల్ల నుంచి నమస్కారం.

మూడో ఎస్‌ఎంపీఎస్ పంపకండి; కంప్యూటర్‌కు కరెంటు అందించే ఆ డబ్బా తప్పేం లేదు. మీరు మొదట ఇచ్చిందీ మంచిదే, మార్చి ఇచ్చిందీ మంచిదే. కొత్త కంప్యూటర్ పది నిమిషాలకోసారి ఆగిపోతోందని కోరుట్లలో మీ షాపుకొచ్చి, అంతమంది ముందు మిమ్మల్ని దొంగ అన్నాను. మీరు మాత్రం "జర నిమ్మలంగ చెప్పు చెల్లె" అన్నారు. ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను, క్షమించండి.

మాది సాంచెల ఇల్లు. ముందు అర్రలో నా కంప్యూటర్, వెనక షెడ్డులో బాపు నడిపే నాలుగు మరమగ్గాలు, అన్నిటికీ ఒకటే లైను. మీరు మార్చి ఇచ్చింది బిగించిన రోజు కూడా కంప్యూటర్ ఆగిపోయింది. బాపు గుమ్మంలో నిలబడి, "సాంచెలే కరెంటు గుంజుతున్నయేమో బిడ్డా, జరసేపు బంద్ జేసి సూద్దామా?" అన్నాడు. పని ఉన్న పూట సాంచా ఆపని మనిషి.

"నీకేం తెల్సు బాపు, ఊకో" అన్నాను. తిరిగి షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

పోయిన సోమవారం ఆ మగ్గాల మధ్యనే గుండె ఆగి పడిపోయాడు.

పెద్దకర్మ అయ్యేదాకా మా ఇంట్లో సాంచెలు నడపరు. కర్మ కార్డు మీదికి బాపు ఫొటో సరిచేద్దామని నిన్న పొద్దున కంప్యూటర్ ఆన్ చేశాను. సాయంత్రం దాకా ఒక్కసారి కూడా ఆగలేదు. బాపు చెప్పిందే నిజం. తెర మీద ఆయన ముఖం అలాగే ఉంది. షెడ్డులో చప్పుడు లేదు.

ఈ కంప్యూటర్ ఒక్కసారి ఆగిపోతే బాగుండు, జహీర్ అన్నా.

— చెల్లె