ప్యాడ్ లేని రంధ్రం

అన్నయ్యా,

దుకాణంలో బట్టలు కోస్తూ చదవకు, తలుపు వేసుకుని చదువు. వదినకి చూపించకు. ఫోన్ చేస్తే నా గొంతులోనే పట్టేస్తావని రాస్తున్నాను.

నా క్లారినెట్‌లో కింది స్వరాలు పలకడం లేదు. ఊదితే గాలి ఎక్కడో జారిపోయి కీచుమంటోంది. మొన్న నాటకం మధ్యలో అలాగే అయితే మా వాద్యబృందం పెద్దాయన నన్నో చూపు చూశాడు. "ప్యాడ్లు పాతబడ్డాయండీ, మార్చేస్తాను" అన్నాను. సంగీతమంటే నీకు ఆమడ దూరం కాబట్టి చెబుతున్నా. క్లారినెట్ మీద కొన్ని రంధ్రాలకు మీటలతో కదిలే మూతలుంటాయి. మూత లోపలి మెత్తటి బిళ్లే ప్యాడ్. అది సరిగ్గా కూర్చోకపోతే గాలి కారుతుంది.

భోజనాల బల్ల మీద గుడ్డ పరిచి నేనే మొదలుపెట్టాను. తోలువి బాగా మన్నుతాయి గానీ, నాకు అలవాటైన ధ్వని కోసం పల్చటి పొర చుట్టిన ఉన్నివే ఎంచుకున్నాను. మొదట తెచ్చినవి మందమెక్కువై, వెనకవైపు ముందే ఆనుకుని ముందువైపు సందు వదిలాయి. అవి పీకేసి సన్నవి తెచ్చాను. మూతలో లక్క కరిగించి, బిళ్ల అతికించి, వేడి ఆరకముందే సరిచేశాను. ఇక పరీక్ష. ప్యాడ్ కింద సిగరెట్ కాగితం ముక్క పెట్టి, మూసి లాగితే అన్నివైపులా ఒకేలా బిగిసి ఉండాలి.

అన్నీ బిగిసే ఉన్నాయి, అయినా ఊదితే అదే కీచు. సంతోషించాలి కదా. ఒక్కో ప్యాడూ బాగుందని తేలేకొద్దీ నాకు భయం పెరిగింది. కుడిచేతి ఉంగరపువేలి కింది రంధ్రానికి మూత లేదు, ప్యాడ్ లేదు. దాన్ని మూయాల్సింది నా వేలే.

నాన్నకి చెయ్యి పట్టు తప్పడం ఆ వేలితోనే కదా మొదలైంది? అమ్మ ఆయన చొక్కా గుండీలు పెట్టడం, ఆయన ఆ చెయ్యి జేబులోంచి తియ్యకపోవడం, అంతవరకే నాకు గుర్తు. నువ్వు పెద్దవాడివి. ఎలా మొదలైందో రాయి.

నీ బుడంకాయ

అన్నయ్యా,

నీ జవాబు రాలేదు. ఆగలేక నేనే తేల్చుకున్నాను. మా ఆయన్ని పిలిచి ఆ రంధ్రం మీద వేలు పెట్టి నొక్కమన్నాను.

"నాకేం వచ్చని?" అన్నారు.

"ఏమీ రానక్కర్లేదు. వేలుంటే చాలు."

ఊదాను. ఇన్నాళ్లూ రాని స్వరం ఇల్లంతా నిండేలా పలికింది. ఆయన మురిసిపోయారు. "చూశావా, బాగైపోయింది. ఊరికే బెంగపెట్టుకున్నావు" అని టీ పెట్టడానికి వెళ్లారు. నేను క్లారినెట్ ఒళ్లో పెట్టుకుని నా వేలునే చూస్తూ కూర్చున్నాను.

ఆయనకి చెప్పలేదు. చెబితే డాక్టరంటారు, డాక్టరు దానికో పేరు పెడతాడు. వాయించడం తప్ప నాకు ఇంకే పనీ రాదు. నాన్నకి అన్నం కలిపి పెట్టినట్టు నాకూ ఒకరు పెట్టాల్సొస్తుందేమోనని భయమేస్తోంది. నాకు నొప్పి లేదు. నొప్పి లేకపోతే అది కాదని ఒక్క మాట రాయి. అబద్ధమైనా సరే.

నీ బుడంకాయ

బుడంకాయ్,

అబద్ధం రాద్దామనే కూర్చున్నాను. చేతకాలేదు.

నాన్నకి ఎలా మొదలైందో నాకూ తెలీదు. ఎవరికీ తెలియనివ్వలేదాయన. నాకెలా మొదలైందో మాత్రం చెప్పగలను. నొప్పేమీ లేదు. బట్ట కోస్తుంటే కత్తెర జారింది. పదును పోయిందనుకుని సాన పట్టించాను. మళ్లీ జారితే కొత్త కత్తెర కొన్నాను. నువ్వు ప్యాడ్లు మార్చినట్టే. నాకు నడుం పట్టేసిందని నమ్మి ఇప్పుడు కోత పనంతా మీ వదినే చేస్తోంది.

అక్షరాలు కోడి గీకినట్టున్నాయని నవ్వకు. ఎడమచేత్తో రాస్తున్నాను. జవాబు ఆలస్యమైంది అందుకే.

పెద్దవాడివి అన్నావు. ఆ పెద్దవాడు ఆస్పత్రి గేటు దాకా వెళ్లి, లోపలికి అడుగు పెట్టలేక, బస్సెక్కి ఇంటికొచ్చేశాడు. నాకు చాలా భయంగా ఉందే. నువ్వు రా. ఆస్పత్రిలో నా పక్కన కూర్చో. ముందు నా చెయ్యి చూపిస్తాను.

అన్నయ్య