పావురాల బుట్ట

హార్విచ్ రేవు,
1916 మార్చి 4

మా ఎలినార్ అక్కకు,

తమ్ముడు ఈవన్ స్కిల్లికార్న్ రాయునది. నాకు ఒంట్లో బాగానే ఉంది; నువ్వూ బావా మన ద్వీపంలో, పీల్ ఊళ్లో చల్లగా ఉన్నారని తలుస్తాను. నువ్వు పంపిన ఎండు హెర్రింగ్ చేపలు అందాయి. ఇంగ్లీషువాళ్లకు ఆ వాసన పడలేదు. మన ద్వీపంవాళ్లం ఆరుగురమే తినేశాం.

ఓడ ఎలా ఉందని అడిగావు. యుద్ధానికి ముందు ఇది ప్రయాణికుల ఓడగా ఉన్నప్పుడు నువ్వు యాత్రికులకు టీ పోసిన హాలు ఇప్పుడు లేదు. వెనకవైపు గదులన్నీ కోసేసి నౌకాదళంవాళ్లు విమానాల కొట్టం కట్టారు. రెక్కలు మడిస్తే నాలుగు పడతాయి. వాటిని క్రేన్‌తో నీళ్లమీదికి దించుతాం. చక్రాల బదులు తెప్పల్లాంటివి ఉంటాయి కాబట్టి నీటిమీదే పరుగెత్తి లేస్తాయి. తిరిగొచ్చాక మళ్లీ పైకెత్తుకుంటాం. డెక్కు పనివాళ్లకు పెద్దను ఇప్పటికీ నేనే.

పావురాలకు ఏం పెడుతున్నావన్నావు. బఠానీలు. చిన్నప్పుడు పెంచినవాణ్ణని వాటిని నాకే అప్పగించారు. విమానం చెడి సముద్రంలో దిగితే, పైలట్ ఎక్కడున్నాడో చీటీ రాసి కాలికి కట్టి వదులుతాడు. అవి తీరంలోని గూటికి చేరతాయి.

నీకు ఇన్నాళ్లూ రాయనిది ఒకటుంది. ఫిబ్రవరిలో ట్రెవిస్ అనే పైలట్ బయల్దేరాడు. అలలు పెద్దవి, విమానం లేవలేదు. బరువు తగ్గించడానికి వెనక కూర్చునే మనిషిని దించేశారు. అయినా లేవలేదు. నేను చిన్న పడవలో పక్కనే ఉన్నాను.

"ఇంకేం తీసెయ్యమంటావయ్యా? నా బూట్లా?" అని అరిచాడు.

"ఆ పావురాల బుట్ట ఇటివ్వండి సార్. టీ వేళకి మీరే వచ్చేస్తారు, అవెందుకు?" అన్నాను.

నవ్వి ఇచ్చాడు. విమానం లేచింది. టీ వేళకు రాలేదు. మూడోరోజు ఒక చేపల పడవకు దొరికాడు, విరిగిన తెప్పను పట్టుకుని. చలికి చచ్చుబడిన కుడిపాదం తీసేశారు.

ఆసుపత్రిలోనే జరిగిన విచారణలో మా ఓడ కెప్టెన్ అడిగాడు, "పావురాలు ఓడలోనే ఎందుకున్నాయి?"

"నేనే దించేశాను సార్," అన్నాడు ట్రెవిస్ మంచం మీంచే. ఆ తప్పు అతని పేరుమీదే రాశారు. నేను టోపీ చేత్తో పట్టుకుని గోడవారన నిలబడి ఉన్నాను, అక్కా. నోరు విప్పలేదు.

తర్వాత ఒంటరిగా వెళ్లి, ఎందుకలా చెప్పారని అడిగాను.

"బుట్ట అందించిన చెయ్యి నాదేగా. పో, నీ పని చూసుకో," అన్నాడు.

పదిరోజులు పని చూసుకున్నాను. నిన్న ఉదయం కెప్టెన్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను.

"ఇప్పుడా స్కిల్లికార్న్, చెప్పడం? కాగితాలు లండన్ వెళ్లిపోయాయి. ఇదంతా రాసి సంతకం పెడతావా?"

"పెడతాను సార్."

పెట్టాను. సోమవారం నన్ను ఈ ఓడ నుంచి దించేస్తున్నారు. ఎక్కడికి పంపుతారో తెలియదు. ట్రెవిస్‌కు కబురు పంపాను, జవాబు రాలేదు.

అమ్మ అడిగితే నాకు మామూలు బదిలీ అయిందని చెప్పకు. నా తప్పు దాచడానికి నువ్వు అలాగే చెబుతావని నాకు తెలుసు. ఉన్నదే చెప్పు.

ఇట్లు,
నీ తమ్ముడు
ఈవన్