అమ్మ వాక్యానికి పెద్ద తెర ఫోను

అమ్మా, లంబసింగిలో చలే గానీ నేను బాగున్నాను.

బైబిలు పేజీ సరిగా కనపడక పెళ్లింట్లో సమాధి దగ్గర చదివే వాక్యం చదివేశావని, అప్పట్నించి ఏ ఊరికీ ప్రార్థనకి వెళ్లడం లేదని జీపు నడిపే గాసి మామ చెప్పాడు. ఏటి నీకు సిగ్గు? ఆ జంట సుబ్బరంగానే ఉన్నారు కదా! నువ్వు మానేస్తే ఆ కొండల మీద చదివేవాళ్లెవరు?

నర్సీపట్నంలో పెద్ద తెర ఫోను కొన్నాను. ఎవరో వాడిందే, బాగుచేసి అమ్ముతున్నారు. "మీ కొండల్లో టవరే లేదు, ఇదెందుకు?" అన్నాడు కొట్టువాడు. "మా అమ్మ మాట్లాడేది దేవుడితో, టవరక్కర్లేదు" అన్నాను. బైబిలు ఎక్కించాను. రెండు వేళ్లతో సాగదీస్తే అక్షరం చిక్కుడుగింజంత అవుద్ది. మామ జీపులో పంపుతున్నాను, ఈ ఆదివారమే బయల్దేరు.

కాఫీ పళ్లు ఏరడం అయ్యిందా? నాన్నకి వందనాలు.

నీకు కనపడాలని లావు అక్షరాలతో రాశాను, కార్డు నిండిపోయింది. చెల్లి చేత చదివించుకోకు.

మోసెస్