వెనక్కి నడిచే సందు

మార్చి 3, మంగళవారం

ఈ డైరీ ఎవరి కంట పడినా సరే, ముందే చెబుతున్నాను: తప్పు నీది కూడా. వంకర వీధి కనబడితే చాలు, కట్టినవాడికి బుద్ధి లేదనుకుంటావు. ఇవాళ కౌన్సిల్‌లో మా మేయర్ ఫెర్మిన్ అదే అన్నాడు. మా సందు చివర దారి మూసుకుని ఎవులాలియా అత్త ఇల్లుంది. దాన్ని పడగొట్టి, సందును అవతలి కార్ పార్కింగ్‌లో కలుపుతాడట. టూరిస్టులు దారి తప్పుతున్నారట. అత్తకు ఊరి బయట ఫ్లాట్ ఇస్తాడట, లిఫ్ట్ కూడా ఉందట. స్పెయిన్ అంతా ఇదే తెగులు.

లేచి గొంతు చించుకున్నాను. అరబ్బుల కాలంలో ఇక్కడ ముందు ఇళ్లు లేచాయి. ఇళ్లు వదిలిన జాగా వీధి అయింది. అన్నదమ్ములు పక్కపక్కన కట్టుకుని, చివర గోడ పెట్టుకుంటే అది మా సందు. తర్వాత వాళ్లను గెలిచిన క్రైస్తవ రాజులొచ్చి చర్చి నుంచి కోట గుమ్మం దాకా కత్తితో కోసినట్టు రాజవీధి వేశారు. ఎన్ని వంటిళ్లు కూలాయో ఎవడూ రాయలేదు. కోటగోడతో పని తీరాక పేదవాళ్లు దానికే వీపు ఆనించి ఇళ్లు కట్టుకున్నారు, అందుకే వెనకవీధి విల్లులా వంగింది. తిన్నగా గీత గీసేవాడి ఇల్లు ఎప్పుడూ ఆ గీత మీద ఉండదు.

ఫెర్మిన్ ఆవలించి, పాఠం అయిందా మేష్టారూ అన్నాడు. ఈస్టర్ తర్వాత ఓటింగట.

మార్చి 4

అత్తకు చెప్పాను. "లిఫ్ట్ ఎందుకురా లెయాంద్రో, పైకి పోవడానికా? దానికింకా టైముంది" అంది.

మార్చి 12

ఒళ్లు మంట. వెయ్యేళ్ల చరిత్ర చెబితే ఒక్కడూ కదల్లేదు. కానీ ఫెర్మిన్ నోరు జారాడు. గుడ్ ఫ్రైడే నాడు మరియమాత పల్లకీ మా సందులోకి వస్తుంది, అత్త గుమ్మం ముందు ఆగుతుంది. తిప్పే చోటు లేదు గనక, పల్లకీ అడుగున దూరి మోసేవాళ్లు వెనక్కి నడుస్తూ బయటికొస్తారు. తల్లి ఆ ఇంటికి వీపు చూపదని ఊళ్లో పిల్లలకు ముందు నేర్పేది అదే. మీకా అవస్థ తప్పిస్తున్నానని ఫెర్మిన్ ఆ మోసేవాళ్ల ముందే గొప్పగా అన్నాడట! పల్లకీ సంఘం పెద్ద ఇలారియో, నా పాత శత్రువు, నేరుగా మా ఇంటికొచ్చాడు. అత్త ఇంటి కోసం మీ వెనక నిలబడతాం, కానీ పల్లకీ మోయడానికి భుజాలు తక్కువయ్యాయి, నాస్తికుడిదైనా భుజం భుజమే కదా అన్నాడు.

మార్చి 13

ఒప్పుకున్నాను. ఛీ.

ఏప్రిల్ 3, గుడ్ ఫ్రైడే, సాయంత్రం

ఆచారం ప్రకారం మేయర్ తన హోదా కర్ర పట్టుకుని పల్లకీ ముందు నడిచాడు. అత్త గుమ్మం దగ్గర ఆగాం. ఇలారియో చేయి ఎత్తాడు; పల్లకీ దించేశాం. మళ్లీ ఎత్తలేదు. గోడకూ గోడకూ మధ్య పల్లకీ సరిగ్గా సరిపోయింది, పక్కన పిల్లి కూడా దూరదు. ఫెర్మిన్ అటు అత్త గుమ్మం వైపు చిక్కాడు, మేమిటు. ఎత్తమన్నాడు, బతిమాలాడు. అప్పుడు అత్త తలుపు తీసింది.

"లోపలికి రా నాయనా, కూర్చో. నా ఇంట్లోంచి ఇంకా దారి పడలేదుగా."

అదే రోజు, కాసేపటికి

ఫెర్మిన్ లోపల శనగల పులుసు తింటున్నాడట. పల్లకీ కింద నుంచి మా షరతులు రాసి అతనికి ఈ కాగితం పంపుతున్నాం.

సందు మూసే ఉండాలి.

అత్త ఇంటిని ఎవరూ ముట్టుకోకూడదు.

పార్కింగ్ అవతలే ఉండాలి. టూరిస్టులు దారి తప్పనీ.

ఒప్పుకుంటే మేయర్ కర్ర పక్కన పెట్టి మాతో భుజం కలపాలి. వెనక్కి నడవాలి.