మన వీధిలో ఇప్పుడు నీళ్లు నిలవడం లేదు

జూన్ 23, ఆదివారం

చిరంజీవి చెల్లికి,

అక్క దీవించి రాస్తున్నది. ‘చి’ పక్కన ‘ల.సౌ.’ అని రాయబోయి చెయ్యి ఆగిపోయింది. మూడేళ్లు దాటినా నా చేతికి ఇంకా తెలియలేదు. నేనిక్కడ బాగానే ఉన్నానని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. నువ్వూ పాపా ఏ నలతా లేకుండా ఉన్నారనుకుంటాను.

కవరు మీద మా మునిసిపల్ ఆఫీసు ముద్ర చూసి ఏదో నోటీసనుకుని విప్పి ఉంటావు. అలా అనుకోవాలనే అడ్రసు టైపు చేయించాను. నా చేతిరాతతో పంపిన రెండు ఉత్తరాలూ విప్పకుండానే తిరిగొచ్చాయి మరి. నోటీసు కాదుగానీ లోపల ఒక దరఖాస్తు ఉంది. నీ ఇంటి మురుగు గొట్టాన్ని వీధిలో వేసిన కొత్త లైనుకి కలపాలంటే ఇంటివాళ్ల సంతకం కావాలి. వీధిలో మిగతా నలభై ఒక్క ఇళ్లూ కలిపేశాం. నీదొక్కటే తాళం వేసి ఉంది.

అవునే, మన వీధి పని పూర్తయింది. ఏడు నెలలు పట్టింది. వర్క్ ఇన్‌స్పెక్టరుగా నన్నే వేశారు. వద్దని అడగొచ్చు. అడగలేదు.

తవ్వినప్పుడు నువ్వు చూడాల్సింది. ఒకదాని మీద ఒకటి నాలుగు రోడ్లు బయటపడ్డాయి. పాతది తియ్యకుండా దాని మీదే కొత్తది పోసుకుంటూ వచ్చారు ఇన్నేళ్లూ. అట్టడుగున కంకర రోడ్డు, మనిద్దరం జడలూపుకుంటూ బడికి నడిచినది. రోడ్డు పైకెక్కిన కొద్దీ నీ గడప కిందికి దిగింది. నాన్న ఉన్నప్పుడు మూడు మెట్లెక్కి ఇంట్లోకి వెళ్లేవాళ్లం. నీ పెళ్లయ్యేనాటికి రెండు మెట్లు దిగి వెళ్లాల్సి వచ్చేది. మీ ఆయన నవ్వేవాడు, ‘ఇంకో రెండు రోడ్లు వెయ్యనివ్వండి వదినా, డాబా మీంచే దారి పెట్టుకుంటాం’ అని. నాలుగూ పెళ్లగించేశాం. ఇప్పుడు రోడ్డు నీ గడపకి జానెడు కిందే ఉంది.

గొడవలు లేకుండా అయిందనుకోకు. మూల మీది కిరాణా ఆయన తన అరుగు కొడితే గోతిలో అడ్డంగా పడుకుంటానన్నాడు. ‘పడుకోండి బాబాయ్, గొట్టం మీ మీదుగానే వేస్తాం’ అన్నాను. దులుపుకుని లేచాడు. ఇప్పుడేమో ఈ పని తనవల్లే వచ్చిందని అందరికీ చెప్పుకుంటున్నాడు. ఒకచోట కాంట్రాక్టరు మనుషులు గొట్టం అంగుళం ఎత్తుగా పెట్టేశారు. అక్కడున్న ఎనిమిది గొట్టాలూ పైకి తీయించి మళ్లీ వేయించాను. ‘నీళ్లకి అంత తెలివుండదులెండి మేడమ్’ అన్నాడు వాళ్ల మేస్త్రి. నీళ్లకి ఉంటుందయ్యా, లేనిది మనకే అన్నాను. ఆ మాట అన్నాక ఆ రోజు ప్రతి గొట్టం వాలూ నేనే వంగి చూసుకున్నాను.

మీ ఆయన షాపు ముందు కూడా తవ్వాం. షట్టరు తుప్పు పట్టింది. ఇప్పటికీ ఎవరో ఒకరు కాలిపోయిన ఫ్యానో మోటారో సంకన పెట్టుకుని వస్తారు, షట్టరు ముందు కాసేపు నిలబడి తిరిగిపోతారు. ‘ఆ వైండింగ్ ఆయన చేస్తే మళ్లీ ఆగేది కాదమ్మా’ అని ఒకావిడ నాతోనే అంది. నేను టేపు పట్టుకుని కొలతలు తీస్తున్నట్టు వంగి కూర్చున్నాను.

పోయిన సోమవారం పెద్దవాళ్లు వచ్చి రిబ్బను కత్తిరించి, పావుగంటలో వెళ్లిపోయారు. కుర్చీలు తీయిస్తుంటే వీధి మొదట్లో మూతలాయన కనిపించాడు. నీకు గుర్తుండకుండా ఎలా ఉంటాడు? ఆ ఏడు వానాకాలం మన వీధి మ్యాన్‌హోళ్లు శుభ్రం చేసి మూతలు పెట్టిన పెద్దాయన. మీ ఆయన పోయిన రోజు పొద్దున నీ ఇంటి ముందు మూత సరిగా వెయ్యలేదని విచారణలో రాసి, పనిలోంచి తీసేశారు కదా. విచారణ గది బయట నువ్వు ఆయన చొక్కా పట్టుకుని, నా మొగుణ్ణి నాకు తెచ్చివ్వమని అడిగావు. ఆయన రెండు చేతులూ జోడించి, ‘వేశానమ్మా, కాలితో తొక్కి మరీ చూశాను’ అన్నాడు. ఒక్కరూ నమ్మలేదు. తర్వాత నా వైపు తిరిగి, ‘నీ ఆఫీసే మింగింది ఆయన్ని’ అన్నావు. నాతో నువ్వన్న చివరి మాట అదే.

మూతలాయన ఇప్పుడు మనిషి సగమయ్యాడు. కూరగాయల మార్కెట్లో ఊడుస్తున్నాడట. పని మళ్లీ ఇప్పించమని అడుగుతాడేమోనని, మాట్లాడి చూస్తానని నేనే ముందుగా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. ‘పనికేముందమ్మా, ఒళ్లు కూడా సహకరించట్లేదు. మూత వేశాడు అని ఒక్క ముక్క ఎవరైనా కాగితం మీద రాసిస్తే చాలు. మా కోడలు నా చేతికి మనవణ్ణి ఇవ్వదు’ అన్నాడు. కార్యక్రమంలో మిగిలిన బిస్కెట్ పొట్లం ఆయన చేతిలో పెట్టాను. చూశావా నీ అక్క గొప్పతనం!

గురువారం వాన పడింది. మామూలు వాన కాదు, కుండపోత, రెండు గంటలు ఏకధాటిగా. ఆఫీసులో చెప్పకుండా వచ్చి కిరాణా చూరు కింద నిలబడ్డాను. నీళ్లు రోడ్డుకి రెండు పక్కలా చారల్లా సాగి, ఇనప జల్లెళ్లలోంచి బుడబుడమంటూ కిందికి పోయాయి. వాన వెలిసిన పావుగంటకి తడి తప్ప ఏమీ మిగల్లేదు. జనం బయటికొచ్చి చెప్పులేసుకుని అటూ ఇటూ నడిచి చూసుకున్నారు, కొత్తిల్లు చూసినట్టు. నీ గడప పొడిగా ఉంది. నేను దాని మీద కూర్చున్నాను. ఇదే పని మూడేళ్ల ముందు చేసుంటే మీ ఆయన ఈపాటికి షాపు కట్టేసి, పాపని భుజానికెత్తుకుని వచ్చేవాడు కదా అనిపించింది. గొడుగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. వాన లేకుండా గొడుగేమిటని కిరాణా ఆయన అడగలేదు. పెద్దమనిషే.

దరఖాస్తులో టిక్కు పెట్టిన చోట సంతకం చేసి పంపు. ఫీజు ఏమీ లేదు. పాపకి ముద్దులు. నన్ను చూస్తే ఎవరో కొత్త మనిషనుకుంటుందేమో.

ఉంటాను,
నీ అక్క

తా.క. ఇంతవరకూ రాసి కవరు అంటించాను. మళ్లీ చింపాను. అసలు రాయాలని కూర్చున్నది రాయనేలేదు.

ఆ మూత తీసింది నేను.

ఆ మధ్యాహ్నం నువ్వు ఫోను చేశావు. పాప పుట్టి ఇరవై రోజులు. ‘అక్కా, నీళ్లు మంచం కోళ్ల దాకా వచ్చేశాయి, పాపనెత్తుకుని లేవలేకపోతున్నా, ఏదో ఒకటి చెయ్యి’ అన్నావు. నేను పక్క వీధిలోనే ఉన్నాను. మోకాలి లోతు నీళ్లలో పరిగెత్తుకొచ్చాను. మూత బిగుతుగా ఉంది. ఆయన వేశాడు, నిజంగానే తొక్కి వేశాడు. గునపంతో రెండుసార్లు ఎత్తి పక్కకి జరిపాను. నీళ్లు సుడి తిరుగుతూ దిగాయి. కాసేపటికి నీ వసారాలో నీళ్లు తగ్గడం కిటికీలోంచి నేనే చూశాను. గునపాన్ని రాళ్ల మధ్య నిలబెట్టి దానికి నా ఎర్ర కండువా కట్టి, కాపలాగా నిలబడ్డాను. అప్పుడు ఆఫీసు నుంచి ఫోను. పల్లపు వీధి పంపు ఆగిపోయింది, వెంటనే రమ్మన్నారు. అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు. ఐదు నిమిషాల్లో వచ్చేద్దామనుకున్నాను. నలభై నిమిషాలైంది. వచ్చేసరికి నీళ్ల కింద గొయ్యి కనబడటం లేదు, గునపం లేదు, కండువా లేదు. నీ కోసం షాపు వదిలి పరిగెత్తుకుంటూ వచ్చినవాడు ఇల్లు చేరలేదు.

విచారణలో రాసుకునే పని నాది. ‘మూత వేశాను’ అని మూతలాయన చెప్పాడు. పెద్ద సారు నా వైపు చూసి, నిర్లక్ష్యం అని రాయమన్నారు. రాశాను. నిజం చెబితే నీ ఫోను వల్లే ఇదంతా అని నువ్వు కుమిలిపోతావనీ, నీ కోసమే దాస్తున్నాననీ నాకు నేను చెప్పుకున్నాను. అందులో సగం అబద్ధం. ఉద్యోగం పోతుందనీ, జైల్లో పెడతారనీ భయం వేసింది.

నిన్న అంతా రాసి, సంతకం పెట్టి, పై ఆఫీసులో ఇచ్చేశాను. ఒక నకలు తీసుకెళ్లి మూతలాయన కోడలి చేతిలో పెట్టాను. ఆవిడ చదువుతుంటే ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. చదవడం అయ్యాక కూడా ఇటు తిరగలేదు. నన్ను కూర్చోమనలేదు. అనకపోవడమే న్యాయం.

రేపో ఎల్లుండో నీకు కబురు వస్తుంది. ఎవరి నోటో వినకూడదని రాస్తున్నాను. నన్ను క్షమించమని అడగను. ఒక్కటే అడుగుతాను, నిన్ను నువ్వు నిందించుకోకు. పసిబిడ్డనెత్తుకుని అక్కని పిలవడం తప్పు కాదు. వచ్చిన అక్క నిలబడలేదు. పాప పెద్దయ్యాక నాన్న ఎలా పోయాడని అడిగితే, ఈ కాగితం ఇచ్చి చదవమను. నీ నోటితో నువ్వు చెప్పనక్కర్లేదు.