ఇర్యా పద్యం మార్చారు

హెల్సింకి, 1946 మార్చి 9

చెల్లీ సైమీ, నేను కులాసాగానే ఉన్నాను. కోపం తప్ప వేరే జబ్బేమీ లేదు.

మన ఇర్యా, వాళ్ళ నాన్న వదిలి వెళ్ళిన స్కీలతో మాట్లాడుతున్నట్టు నేను రాసిన పద్యం నీకు తెలుసు కదా. యుద్ధం నుంచి నాన్న ఇక రాడని తెలిసి, ఆ స్కీలు మంచు మీద జారేలా వాటికి తనే మైనం పూస్తుంది. పుస్తకం అచ్చువేసే లౌనమా చివరి రెండు పాదాలూ మార్చేసి నాన్నను ఇంటికి తెచ్చేశాడు!

"పిల్లల పుస్తకంలో చావులెందుకు హెల్వీ గారూ? కాస్త నవ్వించండి," అన్నాడు.

"నాన్నలు పోయింది పిల్లలకేనండీ. ఇది చదివి మా చెల్లి కూతురు ఇర్యా గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తే, నాన్న రాడని మీరొచ్చి చెబుతారా?" అన్నాను.

"అబ్బ, ఎంత కోపమో!" అని నవ్వాడు. ఒళ్ళు మండిపోయింది. పద్యాలన్నీ సంచిలో వేసుకుని వచ్చేశాను. ఈ క్రిస్మస్‌కు నా పుస్తకం రాదు.

ఆవు ఈనిందా? అమ్మ దగ్గు తగ్గిందా? ఇక్కడ కట్టెలు దొరకడం లేదు, ఊలు మేజోళ్ళు పంపు. ఆ పద్యం అచ్చు వేయించనా అని ఇర్యానే అడుగు. సరేనంటే ఇంకో అచ్చువాళ్ళ గడప తొక్కుతాను. వద్దంటే నా పెట్టెలోనే ఉంచుతాను.

దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. లౌనమాని ఎలా చూడాలో మాత్రం దేవుడి ఇష్టం.

మీ అక్క
హెల్వీ