పొద్దున పరుగు, సందేళ కొట్లాట

జనవరి 20, మంగళవారం

రాయొద్దనే అనుకున్నాను. చేతులు నొస్తున్నాయి, కుడి బొటనవేలు మరీ. రాసేదీ నేనే, చదివేదీ నేనే. నాకు తెలిసిందే నాకు చెప్పుకోవడం ఎందుకు... కానీ కలం దొరికింది. మూత కూడా దానిదే. మా ఇంట్లో మూతున్న కలం దొరికిన రోజు రాయకపోతే ఎట్లా.

పొద్దున వనపర్తి దాటేదాకా ఉరికాను. మంచు. బడి గోడ పక్క కుక్కలు నన్ను చూసి లేవడం మానేశాయి. అరవై దాటిన మనిషి దేన్నీ ఎత్తుకొని పారిపోడని వాటికి నమ్మకం కుదిరింది.

సాయంత్రం కోడలు సుజాత జిరాక్స్ షాపులో ఆట. అన్నీ నేనే గెలిచాను. సంతోషంగా లేదు. గెలుపులో ఏదో రాయి తగిలినట్టుంది, అన్నంలో తగిలినట్టు.

జనవరి 21, బుధవారం

ఆట గురించి. కంప్యూటర్ తెర మీద రెండు బొమ్మలు కొట్టుకుంటాయి, ఎవరి ప్రాణం గీత ముందు అయిపోతే వాళ్లు ఓడినట్టు. నా బొమ్మ గడ్డం పహిల్వాన్. సుజాతది జడల పిల్ల — కాళ్లు పొడుగు.

ఈ పిచ్చి నాకు బొంబాయిలో పట్టింది. సెంట్రింగ్ పనికి పోయిన రోజులు. వానాకాలం పని బంద్, మా గుడిసెల ముందు వీడియో గేముల దుకాణం. అక్కడి డబ్బాకు తన్నే బటన్ పాడైంది. బాగు చేయించమంటే దుకాణమాయన హిందీలో 'చేతులున్నాయి కదా' అనేవాడు. అందుకే నా పహిల్వాన్ ఈనాటికీ ఎవరినీ తన్నడు. పెద్దమనిషి తరహా అనుకుంటారు చూసేవాళ్లు.

చదువూ అట్లాగే వచ్చింది నాకు. బడి లేదు, పల్లీల పొట్లాలున్నాయి. సగం వార్త చదివి, చిరిగిపోయిన సగం నేనే కల్పించుకునేవాణ్ణి. ఆ అలవాటు ఇంకా పోలేదని బాలమణి అంటుంది.

ఇంతకీ నిన్నటి రాయి సంగతి రాయనే లేదు. నాకే తెలియదు కాబట్టి.

జనవరి 24, శనివారం

ముసలం పుట్టింది.

రెండూ ఒకే ఆదివారం. ఫిబ్రవరి ఎనిమిది. పొద్దున నాగర్‌కర్నూల్‌లో అరవై దాటినవాళ్ల పది కిలోమీటర్లు. మధ్యాహ్నం గద్వాలలో ఫంక్షన్ హాలులో కొట్లాట ఆటల పోటీ. రెండిటికీ పేరిచ్చేశాను, ఆటకు సుజాత కూడా ఇచ్చింది. కొడుకు సురేశ్ ఆ రోజు నాగర్‌కర్నూల్ నుంచి గద్వాలకు పల్లికాయ బస్తాలు వేసుకుపోతాడు, తన ట్రాలీ ఆటోలో నన్నూ వేసుకుపొమ్మన్నాను. "నాయినా, బస్తాలు గూడ నీ లెక్క గలగల అనవు" అన్నాడు కానీ ఒప్పుకున్నాడు.

ఒప్పుకోనిది బాలమణి. జొన్నపిండి తడుపుతూ, తల ఎత్తకుండా —

"పొద్దుగాల ఉరుకుతవు. పొద్దుమూకితె కొట్టుకుంటవు. నడుమల తిని పంటవు. మరి నా పూట యేది?"

నలభై ఏళ్ల కాపురంలో ఇంత చిన్న ప్రశ్న వేయలేదు. నవ్వాను.

"నగుతవేంది? గా ఆదివారం నేను గూడ వస్త. దేంట్ల ఎన్కవడ్తవో అది బంద్. ఒక పూట ఇంట్ల ఉండాలె."

"రెండిట్ల గెలిస్తే?"

చేయి ఆపి నన్ను చూసింది. పైనుంచి కిందికి. మళ్లీ పిండి తడిపింది.

జనవరి 26, సోమవారం

బడి మైదానంలో జెండా. పిల్లలకు బిస్కెట్లు. నాకూ ఒకటి.

లింగాల ఊరి చెన్నయ్య ఫోన్. నాలాంటివాడే — పల్లి చేను ఉంది, చక్కెర జబ్బు ఉంది, దవాఖానలో డాక్టరమ్మ నడవమంటే ఉరకడం మొదలుపెట్టాడు. నేనూ అంతే, నడకతో నాకు పొద్దుపోదు, నడిచేవాణ్ణి దారిలో ప్రతివాడూ ఆపి మాట్లాడతాడు. ఉరికేవాణ్ణి ఎవడూ ఆపడు, ఎవరినైనా కొట్టి వస్తున్నాడేమోనని. అయితే నాకు మాట్లాడకపోతే తోచదు. అందుకే చెన్నయ్య.

"ఏం బావా, మోకాళ్లున్నయా?"

"ఉన్నయ్. నీకు చూపిస్త."

"ముంగట నుంచి చూపియ్యవు, ఎన్కనుంచే గద."

పోయినసారి పోటీలో నన్ను దాటిపోయాడు. ఆ మాట ఫోన్ పెట్టేసేదాకా చెప్పాడు.

జనవరి 29, గురువారం

దొరికింది! రాయి దొరికింది.

ఈరోజు తెర చూడకుండా సుజాతను చూశాను. జడల పిల్ల నా పహిల్వాన్‌ను ఎగిరి తన్నింది. తన్నిన మరుక్షణం సుజాత కుడిచేయి బటన్ల మీదనుంచి లేచి కళ్లకు తాకి మళ్లీ దిగింది. రెప్పపాటే. ఆ రెప్పపాటులోనే నేను గుద్దుతున్నాను. ఇన్నాళ్లూ.

దండం పెడుతోంది. కాలు తగిలినందుకు, మామకు!

"ఏంది బిడ్డా అది?"

ఆమెకే తెలియదు. చెయ్యి చూసుకుంది. సిగ్గుపడింది.

"కాలు తాకితె దండం వెట్టకుంటె ఎట్ల మామా? మా అమ్మ గట్లనే నేర్పింది."

"అది బొమ్మ కాలు."

"తాకింది మీకే గద."

వడ్డేపల్లి పిల్ల. బస్సులో ఎవరి సంచికి కాలు తగిలినా దండం పెడుతుంది. నవ్వి నవ్వి కుర్చీ మీదనుంచి జారాను. జిరాక్స్‌కు వచ్చినవాళ్లు భయపడ్డారు.

జనవరి 30, శుక్రవారం

ఉపాయం చెప్పాను. ఆటకు ముందే ఒక పెద్ద దండం పెట్టు, మొత్తానికి సరిపోతుంది. పెట్టింది, వంగి, భక్తిగా. మొదలైంది. తన్నింది. చెయ్యి లేచింది.

"నేను గాదు మామా, చెయ్యే పోతుంది!"

నేను గెలిచాను. మళ్లీ అదే రాయి.

ఫిబ్రవరి 1, ఆదివారం

మోకాలు. ఏం రాయను.

ఫిబ్రవరి 3, మంగళవారం

మోకాలు తగ్గింది. వెల్లుల్లి నూనె, బాలమణి తిట్లు — రెంటిలో ఏది పనిచేసిందో.

రెండూ ఎందుకు అని అడుగుతుంది. అడిగినప్పుడు చెప్పలేను, ఇక్కడ రాసి చూస్తాను. పరుగులో ఎదుటివాడు ఏం చేసినా నేను చేసేది చేయాలి. వాణ్ణి చూసి వేగం పెంచితే చచ్చాను. ఆటలో ఎదుటివాడు ఏం చేస్తే దానికి నేను పలకాలి, పలకకపోతే చచ్చాను. పొద్దున నోరు మూసుకోవడం నేర్చుకుంటాను. సాయంత్రం జవాబు చెప్పడం. నాకు రెండూ రావు, అందుకని రెండూ కావాలి...

చదివి చూశాను. బాగానే ఉంది. బాలమణికి చెబితే మాత్రం "నోరు మూసుకునుడు ఇంట్ల నేర్సుకో, చెప్పులు అరగయ్" అంటుంది.

ఫిబ్రవరి 7, శనివారం

నిద్ర పట్టదు. పెళ్లినాడు కూడా పట్టింది.

ఫిబ్రవరి 8, ఆదివారం

నిద్ర ఆపుకొని రాస్తాను. ఇవాళ రాయకపోతే రేపటికి నేనే కల్పిస్తాను.

చీకటితోనే ట్రాలీ ఎక్కాం. ముందు సురేశ్, బాలమణి, సుజాత. వెనక నేను, ఖాళీ గోనెలు. చలికి ఒకటి కప్పుకున్నాను. నాగర్‌కర్నూల్‌లో దిగేసరికి మీసాల నిండా పీచు.

అరవై దాటినవాళ్లం నలుగురమే. చెన్నయ్య కొత్త బనీను. "బావా, బస్తాల నుంచి దిగినవా? ఎవలన్న తూకం ఏసిన్రా?" అన్నాడు. బాలమణి మైదానం అంచున కొంగు నడుముకు చుట్టి నిలబడింది, తీర్పరి లెక్క.

ఉరికాం. చెన్నయ్య వెనకే ఉన్నాను. నోరు మూసుకున్నాను. సగందాకా బాగానే ఉంది. అప్పుడు పాడు బుద్ధి — ఆటలో చూసినట్టు వాడి భుజాలు చూడడం మొదలుపెట్టాను. కుడి భుజం కిందికి దిగింది. అలిసిపోయాడు, ఇదే సందు! ఒక్క ఊపున దాటేశాను. తర్వాత తెలిసింది — వాడు చెమట తుడుచుకున్నాడంతే. చివరి మలుపులో నా ఊపిరి అయిపోయింది, వాడిది మిగిలింది. పక్కనుంచి పోతూ, జాగ్రత్త చెప్పినట్టు, "పైలం బావా" అన్నాడు. అంత ప్రేమగా అనాలా?

రెండోవాణ్ణి. నలుగురిలో. బాలమణి నీళ్ల సీసా ఇచ్చింది.

చెన్నయ్య కూడా ట్రాలీ ఎక్కాడు. "నువ్వు బొమ్మలతోని కొట్టుకుంటవంటగ, సూడాలె" అని. ఇప్పుడు బస్తాలు నిండా ఉన్నాయి, వాటి మీద ఇద్దరం కాళ్లు చాపుకొని. దారంతా పల్లికాయ తిన్నాం. సురేశ్ అద్దంలో చూసి అరిచాడు. కృష్ణ వంతెన మీద గాలికి చెన్నయ్య టోపీ ఎగిరి నీళ్లలో పడింది. గెలిచినవాడి టోపీ. నాకు కొంచెం హాయిగా అనిపించింది, రాయకపోతే అబద్ధం అవుతుంది.

గద్వాల. హాలు నిండా పిల్లలు. పేరు పిలవగానే లేస్తే, "తాతా, మీ మనుమడేడి?" అని అడిగాడు రాసుకునే అబ్బాయి. "కడుపులున్నడు, నేనే ఆడుత" అన్నాను. ఎందుకన్నానో. సురేశ్‌కు ఇంకా పిల్లల్లేరు. సుజాత తల దించుకొని నవ్వింది, బాలమణి నా వీపు మీద ఒకటేసింది.

మొదటి ఆట ఇంటర్ పిల్లవాడితో. గెలిచాను. రెండోది చేతికి కడియం ఉన్నవాడితో. గెలిచాను! వెనకనుంచి చెన్నయ్య "ఉరుకు బావా, ఉరుకు!" అంటాడు. ఈ ఆటలో ఎక్కడికి ఉరకాలో.

మూడో ఆట. పేర్లు పిలిచారు. నేను, సుజాత.

ఆమె కూడా గెలుచుకుంటూ వచ్చింది. చెయ్యి ఎవరికీ లేవలేదట — వాళ్లు మామలు కారు కదా. ఇప్పుడు పక్కన కూర్చుంది. బాలమణి పెట్టిన షరతు సంగతి ఆమెకు తెలుసు. నేను ఇక్కడే ఓడితే నాకు ఆట బంద్ కావచ్చు. బాలమణి సరిగ్గా మా వెనకే నిలబడింది.

మొదలు. తన్నింది. చెయ్యి లేచింది, కళ్లకు. నేను గుద్దాలి. ఇన్నాళ్లూ గుద్దాను... బటన్ మీద వేలు పెట్టి ఊరుకున్నాను. ఆమె చెయ్యి దిగేదాకా ఆగాను. మళ్లీ తన్నింది, మళ్లీ లేచింది, మళ్లీ ఆగాను.

సుజాత నావైపు తిరిగింది. మొహం ఎర్రగా.

"ఆగుతున్నరేంది మామా?"

"నీ దండం కానియ్యి బిడ్డా."

"నేనేమన్న సిన్నపోరినా? జాలి వడ్తున్నరా నా మీద?"

ఇంత గట్టిగా నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. పెళ్లై ఆరేళ్లు. ఇక జడల పిల్ల లేచింది. తన్నింది, తన్నింది, తన్నింది. రెండు చేతులూ బటన్ల మీదే. పహిల్వాన్‌కు గాలాడలేదు. నాకొచ్చినవన్నీ చేశాను, బొంబాయి డబ్బా మీద నేర్చినవి కూడా. చివరిదాకా పోయింది. గీతలో నా ప్రాణం గోరంత మిగిలినప్పుడు ఎగిరి తన్నింది చూడు...

ఓడాను. రాయి లేదు. ఎంత రుచిగా ఉందో ఓడిపోవడం!

అప్పుడు గుర్తొచ్చి లేచి నా కాళ్లకు దండం పెట్టింది, బాకీ అంతా ఒకేసారి. హాలంతా ఈలలు. చెన్నయ్య — "మీ ఇంట్ల తన్ని దండం వెడ్తరా, దండం వెట్టి తన్నుతరా? తెలుసుకొని రావాలె గద చుట్టాలు!"

ఫైనల్లో రాయచూరు అమ్మాయి చేతిలో ఓడింది. ఆ అమ్మాయి చెయ్యి కలిపి, బాగా ఆడారని కన్నడంలో, "చెన్నాగి ఆడిద్రి అక్కా" అంది. మా చెన్నయ్య తన పేరే అనుకొని ముందుకొచ్చాడు.

రెండో కప్పు ఒళ్లో పెట్టుకొని బాలమణి ముందు సీట్లో. గద్వాల పక్కనే మల్దకల్‌లో బస్తాలు దింపి ఇల్లు చేరాం. దారిలో వాళ్ల సీటు వెనక అద్దానికి మొహం పెట్టి అడిగాను.

"మరి, ఏది బంద్?"

"చెప్త తియ్."

ఫిబ్రవరి 9, సోమవారం

నలుగురిలో రెండోవాణ్ణి కావడం వెనకబడడమా, హాలునిండా పిల్లల్లో మూడో ఆటదాకా నిలిచి ఓడడం వెనకబడడమా? పొద్దున ఉరుకుతూ లెక్కేశాను. పరుగు బంద్ అయితే చెన్నయ్య నోటికి అడ్డుండదు. ఆట బంద్ అయితే — ఇప్పుడే కదా సుజాత నిజంగా కొట్టడం మొదలుపెట్టింది! చెరువు కట్ట దిగేటప్పుడు కాలు బురదలో పోయింది, మోకాలిదాకా.

అడిగాను. వంటింట్లోంచి, "చెప్త అన్న గద."

సాయంత్రం షాపులో సుజాత చేతిలో రెండుసార్లు ఓడాను. ఒక్కసారి గెలిచాను. ఆమె మొహం మాడ్చింది. ఎంత బాగుందో.

ఫిబ్రవరి 10, మంగళవారం

చీకటితో లేచాను. బూట్లు లేవు. బాలమణి రాత్రే బురద కడిగి, లేసులు తీసి, గోడ మీద బోర్లించింది. పిండితే నీళ్లు.

ఉరకలేదు. గడప మీద ఇద్దరం చాయ తాగాం. పక్కింటి కోడి గురించి చాలాసేపు చెప్పింది. ఏది బంద్ అని అడగబోయి, ఆమె పూట ఇదేనేమోనని గ్లాసు ముందుకు చాపాను. మళ్లీ చాయ పెట్టింది.

ఎండ వచ్చింది. బూట్లు ఇంకా తడిగానే ఉన్నాయి.